నీటిపక్షి ఫిర్యాదు చేస్తే ఏం జవాబు చెబుతాం?

భూమ్మీద తిరిగే జంతువులూ, రెండు రెక్కలతో ఎగిరే పక్షులూ మన మాదిరే సముదాయాలనీ, చివరకు అవన్నీ తమ ప్రభువు సన్నిధికే చేరతాయనీ దివ్య ఖుర్ఆన్ ‘అన్ఆమ్’ సూరా 38వ ఆయత్ బోధిస్తోంది. రెక్కలు చాచి ఎగిరే పక్షులు కూడా అల్లాహ్ పవిత్రతను కొనియాడుతూ ఉంటాయని ‘నూర్’ సూరా తెలుపుతోంది. ఈ మాటలు మనం జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఇంట్లో పిల్లలకూ చెబుతూ ఉంటాం. కాని ఆ సముదాయాలతో మన వ్యవహారం ఎలా ఉందో లెక్క చూసుకునే తీరిక మాత్రం మనకు దొరకడం లేదు.

ఏ ప్రయోజనం లేకుండా ఒక పిచ్చుకను చంపినా, ప్రళయ దినాన ఆ పిచ్చుక తనను చంపినవాడి మీద అల్లాహ్‌కు మొరపెట్టుకుంటుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించినట్లు నసాయీ హదీసు గ్రంథంలో ఉంది. ఆ రోజున పిచ్చుక ఒక్కటే నోరు విప్పుతుందా? చెరువులో ఎవరో వదిలేసిన వలకు చిక్కి మునిగిపోయిన నీటికాకి మాటేమిటి? నడి సముద్రంలో ప్లాస్టిక్ ముక్కను మేత అనుకుని మింగిన పక్షి మాటేమిటి? చమురు తెట్టు అంటుకుని రెక్క విప్పలేకపోయిన పక్షి మాటేమిటి?

“మాది కామారెడ్డి, మాది ఎల్లారెడ్డి. సముద్రం మాకు ఎన్నో వందల కిలోమీటర్ల దూరం. ఈ సంగతులు మాకెందుకు?” అని ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. కాని సముద్రానికీ మనకూ మధ్య ఒక నది ఉంది. మన ఇళ్లలో ఎందరికో అన్నం పెడుతున్న పరాయి తీరం ఉంది. అన్నిటికన్నా ముందు మన ఊరి చెరువు ఉంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

వేటస్థలం అభయారణ్యమైంది

కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలంలో పోచారం చెరువు ఉంది. మంజీరలో కలిసే వాగుకు అడ్డుకట్ట వేసి నిజాం కాలంలో దీన్ని నిర్మించారు. 1922లో పూర్తయింది. చుట్టూ ఉన్న అడవి ఆ రోజుల్లో నిజాం షికారుకు వచ్చే చోటు. అదే అడవిని 1952లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఆ అడవి నేడు మెదక్, కామారెడ్డి జిల్లాల్లో విస్తరించి ఉంది. తుపాకీ మోగిన చోట నేడు తుపాకీ పట్టడమే నేరం.

ఎల్లారెడ్డి అవతల మంజీర నదిపై నిజాంసాగర్ ఉంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1923లో పని ప్రారంభమై 1931లో ముగిసింది. దాని నిర్మాణానికి సారథ్యం వహించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజైన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ మహానుభావుడు నీళ్లు నిలిపింది పొలాల కోసమే. కాని నీళ్లు నిలిచిన చోటికి రెక్కలున్న అతిథులు కూడా వచ్చాయి. చలికాలంలో ఈ జలాశయాల ఒడ్డున బాపన బాతులు దిగుతాయి. నత్తగుల్ల కొంగలు బురదలో మేత వెదుకుతాయి. తల వెనుక రెండు నల్లని చారలుండే పెద్ద బాతులు టిబెట్, మంగోలియాల నుంచి హిమాలయాలు దాటి వస్తాయి. అంత ఎత్తున ఎగిరివచ్చిన ప్రాణికి మన చెరువు కట్ట దగ్గర ప్రాణభయం ఎదురైతే, ఆ సిగ్గు ఆతిథ్యానికి పేరు పడిన మనది కాదా?

ఇక్కడ మరో ముస్లిం పెద్దను కూడా తలచుకోవాలి. ఆయన సలీం అలీ. 1896లో బొంబాయిలో ముస్లిం కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో పిచ్చుకలను కొట్టేవారు. ఒకసారి కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపుపచ్చ మచ్చ కనిపించింది. అదేమి పిట్టో తెలుసుకుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. ఆ ప్రశ్నే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1931, 32 సంవత్సరాల్లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి ఇక్కడి పక్షులను సర్వే చేశారు. నిజాంసాగర్ నిండుతున్న రోజులవి. భారతదేశపు పక్షుల మనిషిగా పేరుపొంది, 1976లో పద్మవిభూషణ్ అందుకుని, 1987లో కన్నుమూశారు. వేటస్థలం అభయారణ్యం అయినట్లే, వేటపిల్లవాడు పక్షుల సంరక్షకుడయ్యాడు. మారాలనుకుంటే మనిషి మారగలడనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

మంజీరలో వేసింది ఎక్కడికి పోతుంది?

మంజీర నిజాంసాగర్ దాటి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి పోచంపాడు మీదుగా, భద్రాచలం మీదుగా సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఏ వాగు నీళ్లయినా చివరకు చేరేది గోదావరికే. అంటే మన మోరీలో పడేసిన పాలిథీన్ సంచీ ముందు సముద్రానికి దారి తెరిచే ఉంది. కొంత చెరువుల్లో ఆగిపోతుంది. కొంత ఆనకట్టల దగ్గర పేరుకుపోతుంది. మిగిలింది వరదతో కదిలిపోతుంది.

2025 ఆగస్టు చివరలో కామారెడ్డి జిల్లాను కుండపోత వాన ముంచెత్తిన సంగతి మనమెవరం మరచిపోలేదు. పోచారం కట్టకు ఏమవుతుందోనని దిగువ ఊళ్ల వాళ్లు హడలిపోయారు. వరద మన వస్తువులను కొట్టుకుపోయిందని బాధపడ్డాం. వరదతో పాటు మన చెత్త కూడా పోయిందని ఎందరం ఆలోచించాం?

సముద్రంలో ఈ చెత్త ఏం చేస్తుందో చూడండి. పసిఫిక్ మహాసముద్రం నడుమ మిడ్‌వే అనే దీవి ఉంది. మనుషుల నగరాలకు వేల కిలోమీటర్ల దూరం. అక్కడ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్ర పక్షులు గూళ్లు పెడతాయి. తల్లిపక్షి నీటిపై తేలే ప్లాస్టిక్ మూతలను, ముక్కలను చేపగుడ్లతో పాటు ఏరుకొచ్చి పిల్ల నోట్లో పెడుతుంది. కడుపు నిండినట్లే ఉంటుంది, ఆకలి తీరదు. చనిపోయిన పిల్లల పొట్టల్లో సీసా మూతలు, లైటర్లు బయటపడ్డాయి. తన పిల్లకు ప్రేమతో తినిపిస్తున్నది విషమని ఆ తల్లికి తెలియదు. మనకు తెలుసు.

మనుషుల చేతలవల్లే నేల మీదా నీటి మీదా కల్లోలం వ్యాపించిందని, వారు తమ చేతల రుచి కొంత చూసి వెనక్కు మరలడానికే అలా జరుగుతుందని ‘రూమ్’ సూరా 41వ ఆయత్ తెలుపుతోంది. వెనక్కు మరలే అవకాశం ఇంకా ఉన్నదన్న శుభవార్త కూడా అందులోనే ఉంది.

గల్ఫ్ నీటిలో ఒక సాధుప్రాణి

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదు. అబ్బా దుబాయిలో ఉంటారు, భాయి దమ్మామ్‌లో ఉంటాడు, మామూ బహ్రెయిన్‌లో ఉంటారు. వాళ్లు పని నుంచి తిరిగి వచ్చి కడలి గాలికి కూర్చునే ఆ తీరపు నీళ్లలోనే ఒక సాధుప్రాణి బతుకుతోంది. దాని పేరు డ్యూగాంగ్. సముద్రపు ఆవు అంటారు. చేప కాదు. మన ఆవు, గేదె మాదిరి పిల్లకు పాలిచ్చే జంతువు. నీటి అడుగున పెరిగే గడ్డి మేస్తుంది. ఊపిరి కోసం మాటిమాటికీ పైకి వస్తుంది. ఆస్ట్రేలియా తీరం తర్వాత ప్రపంచంలో డ్యూగాంగులు ఎక్కువగా ఉన్నది గల్ఫ్ నీటిలోనే. 1986లో బహ్రెయిన్, ఖతర్ దేశాల నడుమ ఒకే మందలో 600కు పైగా డ్యూగాంగులను లెక్కపెట్టారు.

ఈ ప్రాణి కడుపుతో ఉండేది ఏడాదికి పైనే. కనేది ఒక్క పిల్లనే. మళ్లీ కనడానికి కొన్నేళ్లు పడుతుంది. అందువల్ల ఏటా కొన్ని పెద్దవి వలల్లో చిక్కి చనిపోయినా మంద కోలుకోదు. మన దేశంలో గుజరాత్, తమిళనాడు, అండమాన్ తీరాల్లో కొన్ని వందలే మిగిలాయి. తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ జలసంధి వద్ద 448 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని డ్యూగాంగుల రక్షణకు కేటాయించింది.

1991 గల్ఫ్ యుద్ధం మన కుటుంబాలకు గుర్తుండే ఉంటుంది. కట్టుబట్టలతో తిరిగివచ్చిన మనవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ యుద్ధంలోనే లక్షలాది పీపాల చమురు సముద్రం పాలైంది. సౌదీ తీరం వందల కిలోమీటర్లు నల్లబడింది. వేలాది నీటికాకులు, ఇతర సముద్ర పక్షులు చమురు పూసుకుని ప్రాణాలు విడిచాయి. జుబైల్‌లో ఒక రక్షణ కేంద్రం పెట్టి, దొరికిన పక్షులను ఒక్కొక్కటిగా కడిగి కాపాడేందుకు ప్రయత్నించారు. మనుషులు మనుషులతో చేసిన యుద్ధానికి ఆ పక్షులు చేసిన నేరమేమిటి?

సహాబాలకు దొరికిన ‘అంబర్’

సముద్రపు వేట, సముద్రపు ఆహారం మనకు హలాల్ అని ‘మాయిదా’ సూరా 96వ ఆయత్ అనుమతించింది. మరి ఈ రక్షణ మాటలకు అర్థమేమిటని కొందరు అడుగుతారు. సమాధానం హదీసు గ్రంథాల్లోనే ఉంది. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో దాదాపు 300 మంది సహాబాలు సముద్రతీరానికి ప్రయాణమయ్యారు. తిండి అయిపోయింది. మనిషికి రోజుకొక ఖర్జూరం మిగిలింది. తర్వాత అదీ లేదు. ఆకులు రాల్చుకుని తిన్నారు. అప్పుడు సముద్రం ఒడ్డుకు కొట్టిన ‘అంబర్’ అనే పెద్ద జలచరం కనిపించింది. దాని పక్కటెముకను నిలబెడితే కింద నుంచి ఒంటె మీద మనిషి దాటిపోయాడని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. చాలా రోజులు దాని మాంసంతోనే గడిపారు. అది అల్లాహ్ పంపిన ఉపాధి అని దైవప్రవక్త (స) చెప్పారు.

ఆ జలచరం తిమింగలమని పండితులు చెబుతారు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. అది చచ్చి ఒడ్డుకు వచ్చినది. తిన్నవారు ఆకలితో అలమటిస్తున్నవారు. ఆ అనుమతిని చూపి, లాభం కోసం లక్షల తిమింగలాలను వేటాడటాన్ని సమర్థించడం కుదరదు. గత శతాబ్దంలో జరిగింది అదే. నూనె కోసం, మాంసం కోసం పెద్ద పెద్ద ఓడలు సముద్రాలను గాలించాయి. కొన్ని జాతులు దాదాపు తుడిచిపెట్టుకుపోయే దశకు వచ్చాక, వ్యాపారం కోసం చేసే తిమింగలాల వేటను అంతర్జాతీయ తిమింగల సంఘం 1986 నుంచి నిలిపివేసింది. హిందూ మహాసముద్రాన్ని 1979లోనే తిమింగలాల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

అత్తరు ప్రియులకు ఒక మాట. స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యే పదార్థమే అసలు అంబర్. మన దేశంలో ఆ తిమింగలం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అందుకే అంబర్ కొనుగోళ్లు, అమ్మకాలు చేస్తున్నవారిని పోలీసులు పట్టుకుంటున్నారు. ‘అసలు సరుకు’ అంటూ ఎవరైనా రహస్యంగా చూపిస్తే దూరంగా ఉండండి.

వలలో చిక్కిన ప్రాణి, కట్టేసిన పిల్లి

పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా, తన తిండి తాను వెదుక్కునేందుకు వదలకుండా చంపిన స్త్రీ నరకపాత్రురాలైందన్న హదీసు మనందరికీ తెలుసు. అందులో నేరం రెండు భాగాలు. తిండి పెట్టలేదు, వదలనూ లేదు. చెరువులో, సముద్రంలో చినిగిపోయిందని వదిలేసిన నైలాన్ వల సరిగ్గా ఈ రెండు పనులే చేస్తుంది. కుళ్లదు, కరగదు. వేసినవాడు మరచిపోయి ఇంట్లో నిద్రపోతుంటాడు, వల మాత్రం పని చేస్తూనే ఉంటుంది. చేపను పడుతుంది. ఆ చేప కోసం మునిగిన నీటికాకిని పడుతుంది. సముద్రంలోనైతే ఊపిరి కోసం పైకి రావలసిన డాల్ఫిన్‌ను పట్టి ఉంచి ముంచేస్తుంది. వాడుకలో ఉన్న వలలు, వదిలేసిన వలలు కలిసి ఏటా దాదాపు 3 లక్షల తిమింగలాలు, డాల్ఫిన్‌లను బలిగొంటున్నాయని అంచనా. మెక్సికో తీరంలో వకీటా అనే చిన్న సముద్ర జంతువు ఈ వలల మూలంగానే నేడు పదికి అటూ ఇటూగా మిగిలింది.

చేపలు పట్టి బతికే వారిని తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. నిజాంసాగర్ మీద, పోచారం మీద ఆధారపడి ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. అది హలాల్ సంపాదన. వారికి మనం నష్టం చెప్పకూడదు. మహారాష్ట్రలో చేసిన పని చూడండి. వలలో చిక్కిన రక్షిత ప్రాణిని వదిలేయడానికి వల కోసుకున్న జాలరికి 25 వేల రూపాయల దాకా పరిహారం ఇచ్చే పద్ధతిని 2018లో అక్కడి ప్రభుత్వం తెచ్చింది. జీవిని కాపాడినవాడు నష్టపోకూడదన్న న్యాయం అందులో ఉంది. మన చెరువుల మీద కూడా పాత వలను తెచ్చి ఇచ్చినవారికి ఎంతో కొంత ముట్టజెప్పే ఏర్పాటు సహకార సంఘాలు, ఊరి పెద్దలు కలిసి ఆలోచించవచ్చు.

షికారు గోష్త్ మోజు

మనలో కొందరికి షికారు మాంసమంటే మోజు. దావత్‌లో నీటిబాతు వడ్డిస్తే గొప్పగా చెప్పుకుంటారు. అడవి బాతులనూ, కొంగలనూ వేటాడటం, అమ్మడం 1972 చట్టం ప్రకారం శిక్షించదగిన నేరం. కొన్నవాడూ తప్పించుకోలేడు. చట్టం సంగతి అలా ఉంచి దీన్ సంగతి చూద్దాం. మన దేశంలో చాలాచోట్ల గింజల్లో పురుగుమందు కలిపి నీటి ఒడ్డున చల్లి పక్షులను పడుతున్నారు. విషానికి చచ్చిన పక్షి జబహ్ కాలేదు కనుక మురదార్. వలలో మునిగి చచ్చిన పక్షి కూడా అంతే. బాణం తగిలిన వేట నీటిలో పడి మునిగి చస్తే తినవద్దని దైవప్రవక్త (స) వారించారు. సంచీలో తెచ్చి అమ్మేవాడి మాట నమ్మి, ఆ మాంసం మీద బిస్మిల్లాహ్ చెప్పుకుంటే అది హలాల్ అవుతుందా? పైగా ఆ విషం తిన్నవారి ఒంట్లోకీ చేరుతుంది.

ప్రాణమున్న దానిని గురిపెట్టి ఆట ఆడటాన్ని దైవప్రవక్త (స) శపించారు. ఒక పక్షిని కట్టి బాణాలు వేస్తున్న కుర్రాళ్లను హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఈ హదీసు చెప్పే మందలించారు. గులేరు పట్టుకుని చెరువు కట్టెక్కే మన పిల్లలకు ఈ సంఘటన చెప్పవలసింది తల్లిదండ్రులమే. గూటి నుంచి పిల్లలను తీసుకొచ్చినప్పుడు తల్లిపక్షి రెక్కలు కొట్టుకుంటూ తిరగడం చూసి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించిన ఉదంతం కూడా అబూ దావూద్ గ్రంథంలో ఉంది. పక్షికి కూడా మాతృహృదయం ఉంటుందని గుర్తించిన ప్రవక్త (స) ఉమ్మత్ మనం.

ఊరు తలచుకుంటే

శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం అనే చిన్న పల్లె ఉంది. ఏటా చలికాలానికి ముందు గూడబాతులు, కొంగలు ఆ ఊరి చెట్ల మీద గూళ్లు పెడతాయి. అవి రావడం ఊరికి శుభమని అక్కడివారి నమ్మకం. నమ్మకాల మాట ఎలా ఉన్నా, వారు పక్షుల జోలికి పోరు, పోనివ్వరు. ఆ చిన్న పల్లె చేసిన పని మస్జిద్, మదర్సా, పాఠశాల, యువజన సంఘాలు ఉన్న మన ఊళ్లు చేయలేవా?

చేయదగినవి పెద్ద పనులేమీ కావు:

1. చెరువు కట్టకు సరదాగా వెళ్లినప్పుడు తెచ్చుకున్న సంచీలు, సీసాలు తిరిగి ఇంటికి తెచ్చుకోవాలి. దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడం కూడా సదఖాయే. నీటి ఒడ్డున పడి ఉన్న వల ముక్కను, గాలపు దారాన్ని తీసివేయడం ఆ కోవలోకే వస్తుంది.

2. పెళ్లి, అఖీఖా విందుల్లో వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు మానాలి. వాటిలో చాలా రకాలను 2022 జూలై 1 నుంచి ప్రభుత్వమే నిషేధించింది. బక్రీద్ నాడు ఖుర్బానీ వ్యర్థాలను సంచీల్లో కట్టి వాగులో వేయకూడదు.

3. షికారు మాంసం కొనవద్దు. కొనేవాడు లేకపోతే విషం చల్లేవాడూ ఉండడు.

4. సంక్రాంతికి పిల్లలు గాలిపటాలకు చైనా మాంజా వాడకుండా చూడాలి. 2017లో దేశమంతటా నిషేధించిన ఈ నైలాన్ దారం చెట్లకు చిక్కుకుని నెలల తరబడి పక్షుల రెక్కలు కోస్తూనే ఉంటుంది.

5. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు సముద్రతీరానికి వెళ్లినప్పుడు ఇదే నియమం పాటించాలి. ఉప్పు తిన్న నేలకే కాదు, ఆ నీటికీ మనం రుణపడి ఉన్నాం.

6. ఇమామ్ సాహెబులు ఏడాదికి ఒక జుమా ప్రసంగమైనా ఈ విషయానికి కేటాయించాలని మనవి చేస్తున్నాం. వలస పక్షులు దిగే కార్తీక, మార్గశిర మాసాలు అందుకు తగిన సమయం.

దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు బావిలో దిగి మేజోడుతో నీళ్లు తెచ్చి పోసిన మనిషిని అల్లాహ్ మన్నించాడు. అతడు చేసినది ఒక గుక్కెడు నీళ్ల పని. మనల్ని అడుగుతున్నది అంతకంటే తేలికైనది. ఉన్న నీళ్లను పాడుచేయకుండా ఉండటం, వచ్చిన అతిథిని చంపకుండా ఉండటం. ప్రళయ దినాన నీటిపక్షి నోరు విప్పినప్పుడు, అది మన మీద ఫిర్యాదుగా గాక మన తరఫున సాక్ష్యంగా పలికే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.